గంటలవాళ్ళ ఇంటిపేరు

వాళ్ళ ఇంటిపేరు గంటల. ఆ పేరంటే తండ్రికి ప్రాణం. తమ పూర్వీకులు నిలువెత్తు గంటలు పోతపోసేవారనీ, అవి మోగితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ నిద్రలేచేవనీ దొరికినవాడినల్లా కూర్చోబెట్టి చెప్పేవాడు. "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి!" అని తల్లి వంటింట్లోంచి దెప్పిపొడిచేది. ఆయన విననట్టే ఉండేవాడు.

కూతురు బోర్డులు రాస్తుంది. ఎంత కడిగినా ఆమె గోళ్ళ సందుల్లో రంగు పోదు. ఒకరోజు తండ్రి ఆమె దుకాణానికే వచ్చాడు.

"ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ రాస్తావు. మన వంశం ఒక్కటి రాసిపెట్టవే. పైన గంట బొమ్మ, కింద వరసగా పేర్లు."

తీరా మొదలుపెడితే తాత దగ్గరే ఆగిపోయింది. తాత తండ్రి పేరు ఆయనకే తెలియదు.

"తాతయ్యని ఎప్పుడూ అడగలేదా నాన్నా?"

"అడిగితే చొక్కా వేసుకుని బయటికి పోయేవాడమ్మా. గంటలు పోతపోసేవాళ్ళం అనేవాడు, అంతవరకే."

ఇక తెలిస్తే గిలిస్తే ఒక్క మనిషికే తెలియాలి. తాత చెల్లెలి కూతురు. తండ్రికి వదిన, కూతురికి పెద్దమ్మ వరస. ఎప్పుడో నలుగురిలో "మీ గంటల సంగతి నాకు తెలుసులే మావయ్యా" అందని తాత ఆ ఇంటితో రాకపోకలు తెంచేశాడు. తాత పోయాక కూడా ఎవరూ ఆ బంధాన్ని అతకలేదు.

పెద్దమ్మ ఇరుకు మేడమీద ఒక్కతే ఉంటోంది. కూతురు వెతుక్కుంటూ వెళితే తలుపు తీసి, ఎవరో చెప్పకముందే పోల్చుకుంది. పోత సంగతి వినగానే ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"పోతా లేదు, పాతరా లేదే పిచ్చిదానా. మీ ముత్తాతకి కుష్టు వచ్చింది. ఊరి బయటికి తోలేశారు. లోపలికి రావాలంటే చేతిలో గంట కొట్టుకుంటూ రావాలి, జనం తప్పుకోవడానికి. ఆయన మధ్యాహ్నంపూట వీధి చివరికొచ్చి గంట కొట్టేవాడు. మా అమ్మమ్మ అన్నం గిన్నె గోడమీద పెట్టి లోపలికొచ్చేసేది. ఆయన తిని, గిన్నె బోర్లించి పోయేవాడు. మొగుడూ పెళ్ళాల కాపురం అంతే."

కూతురు గోళ్ళ సందుల్లోని రంగు గీక్కుంటూ వింటోంది.

"మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఓసారి గంట వినపడగానే నాన్నా అంటూ వీధిలోకి ఉరికింది. రావద్దు రావద్దని అరుస్తూ ఆయన వెనక్కి వెనక్కి నడిచాడట. ఇది వింటేగా! వెళ్ళి కాళ్ళు చుట్టేసుకుంది. విడిపించుకోవాలంటే చేత్తో ముట్టుకోవాలి. ముట్టుకోలేడు. రెండు చేతులూ పైకెత్తి, అలాగే నిలబడి ఏడ్చాడట, అమ్మమ్మ వచ్చి పిల్లని లాక్కెళ్ళేదాకా. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. ఏమైపోయాడో కూడా తెలీదు."

"మరి మీ అమ్మగారికి...?"

"ఏ రోగమూ రాలేదు. పండు ముసలిదై పోయింది. పోయేముందు కూడా, నేను ఉరక్కపోతే నాన్న వచ్చేవాడే అంటూనే పోయింది."

"ఇంటిపేరు?"

"జనం గంటలవాళ్ళు అని వెక్కిరించేవాళ్ళు. మీ తాతని బడిలో వేసినప్పుడు ఇంటిపేరేమిటని అడిగితే అమ్మమ్మే చెప్పింది, గంటల అని. అసలు పేరు చెప్పొచ్చు కదమ్మా అని మావయ్య ఏడ్చాడట. 'ఆయన ఎప్పుడైనా వచ్చి వెతుక్కుంటే, గంటలవాళ్ళ ఇల్లెక్కడంటే జనం చూపిస్తారురా' అందట. అప్పటికే వేరే ఊరు మారారు. అక్కడా ఆ పేరే చెప్పింది."

"ముత్తాత పేరేంటి పెద్దమ్మా?"

"అమ్మమ్మ మొగుడి పేరు నోటితో పలికేది కాదు. మా అమ్మకి నాన్న అని తప్ప తెలీదు."

ఇంటికొచ్చి చెప్పాలా వద్దా అని కూతురు రెండు రోజులు తేల్చుకోలేకపోయింది. చివరికి తండ్రి పక్కన కూర్చుని అంతా చెప్పేసింది. అబద్ధమంటాడనుకుంది, అరుస్తాడనుకుంది. ఆయన ఆ రెండూ చెయ్యలేదు.

"నా చిన్నప్పుడు ఒకడి దగ్గర సైకిలు అడిగి తెచ్చాను," అన్నాడు. "మా వీధి చివర నిలబడి సరదాకి గంట కొడుతూనే ఉన్నా. నాన్న అన్నం ముందునుంచి లేచి, ఎంగిలి చేత్తో, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. నన్ను దాటి వెళ్ళిపోయి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. వెనక్కొచ్చి నా చెంప పగలగొట్టాడు. ఎందుకు కొట్టాడో చెప్పలేదు. ఆ దెబ్బకి నేను... ఆయన పోయేదాకా ముఖం ఇచ్చి మాట్లాడలేదమ్మా."

తల్లి వచ్చి, ఈసారి దెప్పకుండా, ఆయన భుజంమీద చెయ్యేసింది.

ఆయనే అన్నాడు, "వదినకి ఫోన్ కలుపు."

కూతురు కలిపి చేతికిచ్చింది. "వదినా" అన్నాడు. అవతలి నుంచి ఏడుపు వినపడింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.