అడక్కుండా ఇచ్చేసిన బండి

వీధిలో అందరూ ఆవిడను పళ్లావిడ అంటారు. ఆ పేరు కొత్తగా విన్నవాళ్లు బత్తాయిలో జామకాయలో అమ్ముకుంటుందనుకుంటారు. ఆవిడ చేసేది కట్టుడు పళ్లు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కో పన్నూ నిలబెట్టి సెట్టు తయారుచేసే చిన్న ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది నోట్లో కుదరదు. అందుకే ఆవిడ చేతులకు తొందరంటే ఏమిటో తెలియదు.

ఆ గురువారం సాయంత్రం ఇంటికొచ్చి, మోచేతికి అంటిన ప్లాస్టర్ కడుక్కోవడానికి వెళ్తూ అలవాటు ప్రకారం అలమర మీదికి చూసింది. తన బొమ్మబండి లేదు. రిమోటు లేదు. ఛార్జరు కూడా లేదు.

"ఏమండీ, నా బండి ఎక్కడ పెట్టారు?"

భర్త టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఏ బండి?"

"ఈ అలమర మీద ఎన్ని బండ్లున్నాయి?"

"ఓ, అదా? మధ్యాహ్నం నేను భోజనానికొచ్చినప్పుడు మా పెద్దసారు వచ్చారు. ఇటు ఏదో పనిమీద వచ్చి, పలకరించి పోదామని ఆగారు. చూసి తెగ ముచ్చటపడ్డారు. తీసుకెళ్లండి సార్ అన్నాను."

"తీసుకెళ్లారా?"

"మరి ఇచ్చాక తీసుకెళ్లరా? ఏంటలా చూస్తావు? బొమ్మే కదా. దుకాణంలో అలాంటిదే ఇంకోటి కొనిపెడతాలే."

అలాంటిది ఏ దుకాణంలోనూ లేదు. అది అతనికి తెలియకపోవడమే ఆవిడకు ఒళ్లు మండించింది.

రెండేళ్ల కిందట, పళ్ల సెట్టు చిగుళ్లకు ఒరుసుకుంటోందని ఒక రిటైరైన బస్సు డ్రైవరు నేరుగా ల్యాబుకే వచ్చాడు. సరిచేస్తున్నంతసేపూ ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఏముందని అడిగితే మూరెడు పొడవున్న బండి బయటికి తీశాడు. అది పరుగులు పెట్టే బొమ్మకారు కాదు. నత్తలాగా పోతుంది. నాలుగు చక్రాలూ నాలుగు మూలల్లో వేలాడుతూ, రాయి ఎలా ఉంటే అలా ఒంగుతూ, పట్టు దొరికించుకుంటూ ఎక్కుతుంది. ల్యాబు మెట్ల పక్కన పడున్న బండరాయి మీదికి దాన్ని ఎక్కించి చూపించి, రిమోటు ఆవిడ చేతికిచ్చాడు. "బొటనవేలితో బతిమాలాలమ్మా. బెదిరిస్తే పడిపోతుంది" అన్నాడు. ఆవిడ మధ్యాహ్నం భోజనం మరిచిపోయింది.

నెల తిరక్కుండానే ఒక జత మంచి బూట్ల ధరకు అన్నిటికన్నా చవకైన బండి కొనుక్కుంది. ఆ తర్వాత ఖర్చుపెట్టింది దాదాపు ఏమీ లేదు. బండి తలకిందులు కాకుండా చక్రాలకు బరువు ఉండాలని, టైర్ల షాపువాడు తీసి పారేసిన సీసపు ముక్కలు ఏరుకొచ్చి వాటి లోపల అంటించింది. పాత పరుపులో స్పాంజి కోసి టైర్లలో కూరింది. విరిగిన బంపరు బదులు పళ్ల సెట్టు చేసే పదార్థంతోనే ఇంకోటి పోతపోసింది. చివరికి మైనంలో ఒక డ్రైవరును చెక్కి, అచ్చు తీసి, మిగిలిపోయిన బుల్లి పళ్లు రెండు వరసలు వాడికి బిగించింది. వాడు అడ్డొచ్చిన ప్రతి రాయినీ చూసి ఇకిలిస్తుంటాడు. ఆదివారం పొద్దున్నే, రోడ్డు కోసం కొండను తొలిచిన చోట ఆ బస్సు డ్రైవరు పెద్దాయనా, ఒక నర్సూ, ఒక మంగలీ, ఆవిడా కలుస్తారు. నలుగురూ రాళ్ల మీద చతికిలబడి మూడు గంటలు గడిపి వస్తారు. వారం మొత్తంలో ఎవరి నోటి కొలతా చూడక్కర్లేని సమయం అదొక్కటే.

"అది నాది. నన్నొక్క మాట అడగాలని మీకు తట్టలేదా?" అంది.

"అడిగితే వద్దంటావు."

"అంటే తెలిసే ఇచ్చారన్నమాట."

"అబ్బా! బ్రాంచి ఇన్‌ఛార్జి కుర్చీ ఖాళీ అవుతోంది. ఆయన నోట్లోంచి నా పేరు రావాలి. నీ రాళ్లాట కోసం నా బతుకు ఆపుకోమంటావా?"

అతను టైల్స్ కంపెనీ గోదాములో సూపర్‌వైజరు. ఆ కుర్చీ కోసం నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు కాబట్టే నోరు మూసుకుంది. శుక్రవారం ల్యాబులో ఒక పన్ను వంకరగా పెట్టి, మళ్లీ పీకి పెట్టింది. శనివారం ఇంకోటి. ఇరవై రెండేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఆదివారం పొద్దున, మామూలుగా అయితే రాళ్ల దగ్గర ఉండాల్సిన వేళ, ఇంట్లో గిన్నెలు తోముతోంది. తోమడం అంటే వాటి మీద కసి తీర్చుకోవడమే. భర్త స్నానం చేస్తున్నాడు. అతని ఫోను మోగితే ఆవిడే ఎత్తింది. పెద్దసారు.

"అమ్మా, మీవారు లేరా? చిన్న సాయం కావాలి. బండి స్టీరింగ్ ఒకవైపే తిరుగుతోంది. ఆయనే చేశారు కదా, ఆయనకైతే ఇట్టే తెలుస్తుందని ఫోను చేశాను."

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. "ఎవరు చేశారండీ?"

"మీవారేనమ్మా! రెండేళ్లు కూర్చుని చేశానన్నాడు. ఆ డ్రైవరుకు పళ్లేంటమ్మా, అద్భుతం! ఎలా పెట్టావయ్యా అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. చెప్పడు."

"చెప్పలేరు లెండి," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ ఇల్లెక్కడో చెప్పండి సార్. ఇప్పుడే వస్తాం."

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన భర్తకు ఎదురుగా నిలబడింది.

"నువ్వు చేశావా దాన్ని?"

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆవిడ నోట 'నువ్వు' అన్న మాట రావడం అదే మొదలు. అతను నీళ్లు నమిలాడు.

"అది... ఆయన ఎవరు చేశారని అడిగితే, మాటల్లో అలా వచ్చేసింది. నా పెళ్లాం చేసిందంటే ఆయన నమ్మేవాడా?"

"నమ్మకపోతే ఏం పోయేది?"

"నీ పని గురించి వివరాలన్నీ అడిగేవాడు. నాకేం తెలుసు?"

"నీకేం తెలుసు! రెండేళ్లు ఈ బల్ల మీదే చేశాను. ఆ చివర కూర్చుని అన్నం తిన్నావు. ఒక్కరోజైనా ఇదేంటని అడిగావా? ఇచ్చేశావంటే బొమ్మనుకున్నావులే అని సరిపెట్టుకున్నాను. నా చేతులు కూడా నీవేనని చెప్పుకుంటావా?"

"అరవకు. పక్కింటివాళ్లు వింటారు."

"విననీ!"

చిన్న స్క్రూడ్రైవర్ల డబ్బా సంచీలో వేసుకుంది. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకాలే వచ్చాడు. దారి పొడవునా ఒకటే మాట: "నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటాను."

పెద్దసారును ఆవిడ అలా ఊహించలేదు. మోకాళ్లకు మట్టి అంటుకుని, పెరట్లో రాళ్లు పేర్చుకుంటూ, చిన్నపిల్లాడిలా చెమటలు కక్కుతున్నాడు. వీళ్లను చూడగానే మొహం వెలిగిపోయింది. రిమోటు తెచ్చి భర్త చేతిలో పెట్టాడు. "చూపించవయ్యా, ఆ రాయి ఎలా ఎక్కించాలో!"

భర్త రిమోటు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మీట ఒక్కసారిగా నొక్కాడు. బండి దూకి, రాతికి గుద్దుకుని, వెల్లకిలా పడి చక్రాలు గాల్లో గిరగిరా తిప్పింది. బంపరు విరిగి పక్కన పడింది.

ఆ శబ్దానికి ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకేం మాట్లాడకుండా మట్టిలో కూర్చుంది. బండి తీసి ఒళ్లో పెట్టుకుని, బొమ్మ డ్రైవరు కింద మూత విప్పింది. స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు దగ్గర మర వదులైంది. బిగించింది. భర్త చేతిలోంచి రిమోటు లాక్కుంది. లాక్కుందనే అనాలి. కోపం మీద మీట గట్టిగా నొక్కింది. మొదటిసారి బండి జారిపోయింది. రెండోసారి ఊపిరి బిగబట్టి, బొటనవేలు ఆనీ ఆనకుండా ఆనించింది. ముందు చక్రం రాతి అంచు వెతుక్కుంది, పట్టుకుంది, వెనక చక్రం వంగింది, బండి మెల్లగా పైకెక్కి నిలబడింది.

పెద్దసారు ఆవిడను చూశాడు. తర్వాత భర్తను చూశాడు.

"ఇది నేను చేశాను సార్," అంది లేచి నిలబడుతూ. "ఆ పళ్లు నేను పెట్టాను. పళ్లు పెట్టడం నా ఉద్యోగం. ఈయన నన్నడక్కుండా మీకిచ్చారు. మీ తప్పేం లేదు. నేను తీసుకెళ్తున్నాను."

"సార్, అది..." అంటూ భర్త అడ్డుపడబోయాడు.

పెద్దసారు ఇబ్బందిగా నవ్వాడు. "దీనికింత పట్టింపు దేనికమ్మా? భార్యాభర్తలు. ఇద్దరిదీ ఒకటే కదా!"

"ఒకటే అయితే ఆయన పేరొక్కటే ఎందుకు చెప్పుకున్నారు సార్?"

పెద్దసారు లోపలికెళ్లి ఛార్జరు తెచ్చి సంచీలో తనే వేశాడు. గేటు దాకా వచ్చి, ఆవిడ ఒక్కదానికే నమస్కారం పెట్టాడు.

భర్త స్కూటరు తీశాడు. ఆవిడ ఎక్కలేదు. విరిగిన బంపరు సంచీలో వేసుకుని, బండిని చంకన పెట్టుకుని బస్టాపు దాకా నడిచింది. దారిలో ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు అంటే ఆవిడకు చిన్నప్పటి నుంచీ అసహ్యం. బస్సెక్కేలోపు మొహం తుడిచేసుకుంది.

ఇంట్లో వారం రోజులు మాటల్లేవు. ఎనిమిదో రోజు అతనే మొదలుపెట్టాడు.

"గోదాములో నా మొహం చూసి నవ్వుతున్నారు. పరువు గంగలో కలిపేశావు. నా ఉద్యోగం గురించి ఒక్క క్షణమైనా ఆలోచించావా?"

"ఆలోచించాను. గురువారం నుంచి ఆదివారం దాకా నోరు మూసుకున్నది అందుకే. నువ్వు నా గురించి ఎంతసేపు ఆలోచించావు?"

"సారీ చెప్పమంటావా?"

"నేను చెప్పమంటే చెప్పే సారీ నాకెందుకు?"

అతను సారీ చెప్పలేదు. ఆదివారాలు ఆవిడ రాళ్ల దగ్గరికి వెళ్తూనే ఉంది. జరిగిందంతా విని నర్సు పగలబడి నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "కోపం మీదున్నప్పుడు నిటారు రాళ్ల జోలికి పోకమ్మా" అన్నాడు. ఆవిడ వినలేదు. ఆ పూట బండి పదకొండుసార్లు పడింది.

ఇంకో పది రోజులకు సాయంత్రం భర్త ఫోను పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. మొహం మాడ్చుకుని, "పెద్దసారు. నీకట," అన్నాడు.

"అమ్మా, తిట్టకండి," అన్నాడు పెద్దసారు. "నాకూ ఒకటి కొనుక్కోవాలనుంది. దుకాణంవాడు నా నెల జీతమంత ఖరీదైనది చూపిస్తున్నాడు."

"వద్దు సార్. అన్నిటికంటే చవకది కొనండి. నెల రోజులు బాగా పడేయండి. ఏది విరిగితే అది మార్చండి. విరగనిదాని మీద పైసా పెట్టకండి. బరువు చక్రాల్లోనే ఉండాలి, పైన ఉండకూడదు. టైర్ల షాపువాణ్ని అడిగితే సీసం ఊరికే ఇస్తాడు." మాట్లాడుతూనే పొయ్యి తగ్గించింది. అరగంట గడిచింది. స్పాంజి ఎంత మందాన కోయాలో చెప్పింది, రాయి తడిగా ఉంటే ఏం చేయాలో చెప్పింది. ఆయన అడిగినదానికల్లా సమాధానం చెప్పింది.

అంతసేపూ భర్త గుమ్మంలోనే ఉన్నాడు. చివర్లో దగ్గరికొచ్చి, చేత్తో సైగలు చేస్తూ గుసగుసగా అన్నాడు: "ఇన్‌ఛార్జి సంగతి... నా గురించి ఒక్క మాట..."

ఆవిడ పెద్దసారుకు నమస్కారం చెప్పి ఫోను పెట్టేసింది. దాన్ని అతని చేతిలో పెట్టింది.

"ఆ మాటేదో నువ్వే చెప్పుకో," అంది. "చెప్పుకోవడం నీకు బాగా వచ్చు."