జేబు మీద ఎర్రదారం

నేను ఒక తెల్లకోటును. ఇప్పుడు నన్ను చూసి ఆ మాట అంటే మీకు నవ్వొస్తుంది. ఫినాయిలు, తమలపాకు ఉమ్ము, పుండ్లకు రాసే గోధుమరంగు మందు అన్నీ కలిసి నాకు ఒక రంగు తెచ్చాయి. దానికింకా ఎవరూ పేరు పెట్టలేదు. అయినా నా కథ నేను చెప్పుకుంటాను. తెల్లగా ఉన్నన్నాళ్లూ నా చేత అబద్ధమే చెప్పించారు. మురికి పట్టాకే నాకు నోరు వచ్చింది.

నేను పుట్టింది కనిగిరి పోయే రోడ్డు మీద ఒక చిన్న టౌనులో, బస్టాండు పక్కన దస్తగిరి టైలరు మిషను కింద. నాతోపాటు అదే తానులోంచి తెగిన గుడ్డలన్నీ బడిపిల్లల చొక్కాలయ్యాయి. అవి రోజూ బడికి పోయి, సిరా మరకలతో, చిరిగిన జేబులతో ఇంటికొచ్చేవి. నేను మాత్రం బడి గుమ్మం తొక్కకుండానే చదువుకున్నదాన్నయిపోయాను.

నన్ను కుట్టించింది డాక్టరు భుజంగరావు. ఆయన నిజం డాక్టరే. చదివిన కాలేజీ ఉంది, గోడకు పటం కట్టిన సర్టిఫికెట్టు ఉంది. ఆ ఒక్కటీ నిజం కావడమే, ఆయన ఆసుపత్రి గదుల్లో మిగతావన్నీ నిజమనిపించడానికి సరిపోయింది.

"కొలత ఎవరికి తీసుకోవాల సార్?" అని దస్తగిరి టేపు మెడలోంచి తీశాడు.

"కొలతెందుకయ్యా. మనుషులు మారుతుంటారు. ఎవరికైనా పట్టేట్టు వదులుగా కుట్టు."

"జేబు మీద పేరేమన్నా ఎయ్యమంటారా?"

"సిస్టర్ అని వెయ్యి. ఎర్రగా, దూరానికి కనపడాలి."

అలా మనిషి రాకముందే ఆ మనిషి పేరు నా జేబు మీదికి వచ్చింది. దస్తగిరి మంచి పనివాడు. అక్షరాలకు అందంగా ఒంపులు తిప్పి, ఎర్రదారంతో రెండు వరసలు కుట్టాడు. ఆ మాట కుట్టడానికి ఆయన ఎవరి దగ్గరా ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. టైలరు అడగకపోవడంలో తప్పు లేదు. అడగాల్సినవాళ్లు కూడా అడగలేదు, అదీ నా బాధ.

సూదులు వేసే గదిలో తలుపు వెనక మేకుకు నన్ను తగిలించారు. మొదట నన్ను తొడుక్కున్నది ఝాన్సీ. అంతకుముందు చీరల షాపులో మడతలు పెట్టేది. చురుకైన పిల్ల. వారం తిరక్కుండానే జనం ఆమెకు హస్తవాసి అంటగట్టారు. "ఝాన్సీ సిస్టర్ చెయ్యి తేలిక. సూది పడ్డదే తెలవదు" అని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. మా వైపు జనం గేదెను కొంటే పళ్లు పట్టి చూస్తారు, వంకాయ కొంటే తొడిమ తిప్పి చూస్తారు. ఒంట్లోకి మందు ఎక్కించే మనిషిని మాత్రం కోటు చూసి నమ్ముతారు. మొక్కింది నాకు, నమ్మింది నన్ను. నాలోపల ఎవరున్నారని వంగి చూసినవాళ్లు లేరు.

ఝాన్సీకి పెళ్లి కుదిరి వెళ్లిపోతూ, తన చోటుకు వచ్చిన సలోమికి ఒక మధ్యాహ్నం పని నేర్పింది. సలోమి దగ్గరి పల్లె పిల్ల. పదో తరగతి పాసై, పొగాకు గ్రేడింగు కూలికి పోతూ, ఈ పని దొరికిందని వచ్చింది. మాట తక్కువ. చూపు ఎక్కువ.

"నడుము కింద, బయటివైపు, పైకి. ఇంకా కిందికి పోయావంటే కాలు లాగుద్ది, గుర్తుపెట్టుకో" అంది ఝాన్సీ.

"ఇంకా ఏం చెయ్యాలక్కా?"

"కొన్ని మందులకు ముంజేతి మీద పెన్నుతో సున్నా చుట్టాల. సారు అడిగితే చుట్టాననాల."

"సున్నా ఎందుకు?"

"అదొక పద్ధతిలే. పేరంటానికి పిలిచేముందు బొట్టు పెట్టమా? అట్టాంటిదనుకో."

ఆ సున్నా సంగతి మీకు చెప్పాలి. కొన్ని మందులు కొందరి ఒంటికి పడవు. అందుకని ముందు ఒక్క చుక్క ముంజేతి చర్మంలోకి సూదితో ఎక్కించి, ఆ చోటు తప్పిపోకుండా పెన్నుతో చుట్టూ గీసి, కాసేపు ఆగి చూస్తారు. వాచినా, ఎర్రగా దద్దురు లేచినా ఆ మందు ఇవ్వరు. డాక్టరు మొదట్లో ఝాన్సీకి ఇదంతా ఒకసారి చేసి చూపించాడు. జనం పెరిగేకొద్దీ ఆగడం పోయింది. ఆగనప్పుడు చుక్క ఎందుకని చుక్కా పోయింది. చివరికి సున్నా ఒక్కటి మిగిలింది. డాక్టరు తన కుర్చీలోంచే మెడ చాచి, చేతి మీద సున్నా కనపడితే తలాడించేవాడు. ఆ తలాడింపుతో అందరి మనసులూ కుదుటపడేవి.

సలోమికి బడిలో గుండ్రని రాత అని పేరు. అందుకే ఆమె చుట్టిన సున్నాలు ఝాన్సీ సున్నాల కన్నా అందంగా ఉండేవి. నా జేబులోంచి పెన్ను తీసి, చెయ్యి కదలకుండా పట్టుకుని, మొదలు చివర కలిసేట్టు చుట్టేది. దాని మధ్యలో ఏముండాలో ఆమెకు తెలియదు. ఒకటి రెండు సార్లు డాక్టరును అడగబోయి ఆగిపోవడం నేను చూశాను. నా బొత్తాన్ని వేళ్లతో తిప్పుతూ గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చేది. అడిగితే తెలియదన్న సంగతి తెలిసిపోతుంది. నన్ను తొడుక్కున్నవాళ్లకు తెలియదనే వీలు ఉండదు. నేను ఇచ్చిన గౌరవం అందరికీ కనపడింది. నేను లాక్కున్న ఈ వీలు ఎవరికీ కనపడలేదు. వాళ్లమ్మ ఆదివారం ప్రార్థన అయ్యాక పదిమందిలో "మా పిల్ల నర్సు" అని చెప్పుకునేది. ఆ మాట విన్నాక ఆ పిల్ల నోరు ఇంకా బిగిసిపోయింది.

ఒక ఉదయం తిరుపాలు వచ్చాడు. గేదెల బేరగాడు. కాలికి ముల్లు దిగి, పుండై, జ్వరం పట్టుకుంది. పక్కన ఆయన భార్య నాగరత్నమ్మ. డాక్టరు మందు రాశాడు. సలోమి ముంజెయ్యి చాపమని సున్నా చుట్టింది.

"నాకు సున్నా మార్కులేనా సిస్టరమ్మా? బళ్లోనూ ఇదే ఏశారు, ఆసుపత్రిలోనూ ఇదేనా?" అన్నాడు తిరుపాలు.

"నీకదే ఎక్కువ" అంది నాగరత్నమ్మ. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. సలోమి కూడా నవ్వి, వెంటనే మందంతా ఎక్కించేసింది.

అతను పంచె సర్దుకుంటూ లేచి, అరచేతులు గీరుకున్నాడు. పెదవులు ఉబ్బాయి. "గొంతు పట్టేస్తాంది" అని బెంచీ మీద కూలబడ్డాడు. ఊపిరి ఈలలా వచ్చింది. సలోమి కేక వెయ్యలేదు. ఒక చేత్తో అతని తల పట్టుకుని, ఇంకో చేత్తో నా అంచును పిడికిట్లో పట్టుకుంది. ఆ ముడత ఈనాటికీ నాలో పోలేదు.

నాగరత్నమ్మ కేకకు డాక్టరు పరిగెత్తుకొచ్చి, అందరినీ హాల్లోకి పంపించాడు. అందులో ఆయనకు వంక పెట్టను. వెంటనే విరుగుడు సూది వేశాడు, ఆక్సిజన్ పెట్టాడు. తిరుపాలు ఊపిరి మెల్లగా దారిలో పడింది. అప్పుడడిగాడు.

"టెస్టు చేశావా?"

"చేశాను సార్. ఇదుగో." సలోమి తిరుపాలు చెయ్యెత్తి చూపించింది. సున్నా చక్కగా ఉంది. దాని లోపల చర్మం నున్నగా, ఒక్క గాటు లేకుండా ఉంది.

"గుచ్చిన చోటేదీ?"

"గుచ్చాలా సార్?"

 డాక్టరు ఆ చేతి వంక, ఆ పిల్ల వంక, చివరికి నా జేబు వంక చూశాడు. ఎర్ర అక్షరాలను ఆయన మొదటిసారి చదివినట్టనిపించింది. తర్వాత హాల్లోకి వెళ్లి నాగరత్నమ్మతో అన్నాడు: "ఛాతీకి గ్యాసు పట్టింది. సమయానికి మన దగ్గరే ఉన్నాడు కాబట్టి సరిపోయింది." ఆమె రెండు చేతులూ ఎత్తి ఆయనకు మొక్కింది. తిరిగి సలోమికీ మొక్కింది. అంటే నాకు.

మర్నాడు సలోమి వచ్చింది కానీ నన్ను ముట్టుకోలేదు.

"కోటేదమ్మా? జనం ఉన్నారు" అన్నాడు డాక్టరు.

"నేనింక సూది ఎయ్యను సార్."

"నిన్న జరిగింది మర్చిపో. ఇక నుంచి గుచ్చి, చుట్టి, ఆగి చూడు. ఇప్పుడు తెలిసింది కదా. నేర్చుకోవడమంటే ఇదే."

"ఇదొక్కటి తెలిసింది సార్. ఇంకా ఏమేం తెలవదో అది నాకెట్టా తెలుస్తది?"

ఆయన విసుగ్గా తలుపు వెనకున్న నా వైపు చెయ్యి చూపించాడు. సలోమి వచ్చి నన్ను మేకు మీద నుంచి తీసింది. అయిపోయింది, మళ్లీ తొడుక్కుంటుంది, మళ్లీ సున్నాలు మొదలు అనుకున్నాను. ఆమె ప్లాస్టరు కోసే బ్లేడు తీసుకుని హాల్లోకి నడిచి, రోగుల మధ్య బెంచీ మీద కూర్చుని, నన్ను ఒళ్లో పరిచి, జేబు మీది ఎర్రదారం ఒక్కొక్క కుట్టే తెంపడం మొదలుపెట్టింది. ఆ బ్లేడు నాకు నొప్పి పెట్టలేదు. కుట్టినప్పుడే నొప్పి పెట్టింది.

"ఏందమ్మే ఆ పని? మంచి కోటు" అంది పక్కనున్న అవ్వ.

"నేను నర్సును కాదవ్వా. ఆ చదువు చదవలా."

"చదివితే ఏంది, చదవకపోతే ఏంది? నీ చెయ్యి చలవ చెయ్యి. రా, నాకు సూది ఏసి నీ దారం పీక్కో."

"నిన్నటిదాకా ఏశావుగా? ఇయ్యాళ నీతి పుట్టుకొచ్చిందే" అన్నాడు గోడకానుకున్న ఒకాయన.

ఇదీ మీ లోకం. అబద్ధం చెప్పినన్నాళ్లు సిస్టరమ్మ. నిజం చెప్పిన రోజు ఎగతాళి. సలోమి చివరి కుట్టు తెంపింది. రాత్రి అక్కడే ఉంచిన భర్తకు లోపలి మంచం దగ్గర గంజి తాగిస్తున్న నాగరత్నమ్మ కేసి తిరిగింది.

"మీ ఆయనకు గ్యాసు పట్టలా పెద్దమ్మా. ఆయనకు పడని మందు ఎక్కించా. ముందు చుక్క గుచ్చి చూడాల. నేను చూళ్లా. చూడాలని నాకు తెలవదు."

 నాగరత్నమ్మ గిన్నె కింద పెట్టి లేచొచ్చింది. కొడుతుందనుకున్నాను. ఆమె సలోమి ముందు నిలబడింది.

"తొడిగినోడిది తప్పు. తెలిసీ తొడుక్కున్నావు, నీదీ తప్పే."

"అవును పెద్దమ్మా."

"మరి ఆయన గ్యాసన్నాడే?"

 నాగరత్నమ్మ డాక్టరు గుమ్మం దాకా వెళ్లి అదే మాట మళ్లీ అడిగింది, గొంతు పెంచకుండా. ఆయన కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. సలోమి తెంపిన దారమంతా ఆయన బల్ల మీద పెట్టింది.

"రేపటి నుంచి రావద్దు" అన్నాడాయన.

"అది చెప్పిపోదామనే వచ్చా సార్."

ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. నర్సు చదువులో చేరిందని కొందరు, పొగాకు గ్రేడింగుకే పోతోందని కొందరు అంటారు. నేల మీద పడి ఉండేవాళ్లకు వార్తలు చెప్పులతోపాటు వస్తాయి, సగం మట్టే ఉంటుంది. ఎక్కడున్నా, మధ్య ఖాళీగా వదిలేసి సున్నా చుట్టదని మాత్రం నాకు నమ్మకం.

అక్షరాలు పోయిన కోటు ఎవరికీ పనికిరాదు. ఊడ్చే ఆమె నన్ను చింపి నేల తుడిచే గుడ్డను చేసింది. నన్ను చూసి జాలిపడొద్దు. ఇప్పుడు నేను మురికి తుడుస్తానంటే తుడుస్తాను. నన్ను చూసి ఎవరూ చెయ్యి చాపరు. నేను పుట్టాక చేసిన మొదటి నిజమైన ఉద్యోగం ఇదే.

మేకుకు కొత్త కోటు వచ్చింది. అదే దస్తగిరి, అదే వదులు, అదే ఎర్రదారం. దానిలోకి కొత్త పిల్ల వచ్చింది. టౌనులో ఇంకో డాక్టరు లేడు, అదీ భుజంగరావు ధైర్యం. జనానికి మతిమరుపు జాస్తి, అదీ ఆయన ధైర్యమే.

కానీ నిన్న, పుండింకా మానని తిరుపాలు కాలికి కట్టు మార్పించడానికి నాగరత్నమ్మ వచ్చింది. సున్నా చుట్టమని చెయ్యి చాపి కూర్చున్నది ఆనాటి అవ్వే. కొత్త పిల్ల కోటు జేబులోంచి పెన్ను తీసింది.

"ఏం చదివావమ్మాయ్?" అంది నాగరత్నమ్మ.

మామూలుగానే అడిగింది, ఏ ఊరని అడిగినట్టు. ఆ పిల్ల డాక్టరు గుమ్మం వైపు చూసింది. సలోమి నా బొత్తాన్ని తిప్పినట్టే కొత్త కోటు బొత్తాన్ని వేళ్లతో తిప్పుతోంది. వరసలో ఉన్నవాళ్లందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. అవ్వ చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది.

"ఆయన్నే రమ్మను. ఎయ్యమను. ఆగమను" అంది అవ్వ.

డాక్టరు గొణుక్కుంటూ కుర్చీ దిగి వచ్చాడు. సన్న సూది తీసుకున్నాడు. వంగాడు. నేను తడిసి, ఆ బెంచీ కాళ్ల దగ్గరే పరుచుకుని ఉన్నాను. అవ్వ తన ముంజేతిని కళ్లు చికిలించి చూసుకుంటూ కూర్చుంది, హాలంతా ఆమెతోపాటు కదలకుండా ఆగింది. ఆ చెయ్యి నా వైపు తిరిగినప్పుడు కనపడింది. సున్నా కాస్త వంకరగా ఉంది, సలోమి గీతంత అందం లేదు. మధ్యలో చుక్క ఉంది.