బిందె మీద తెల్లమచ్చ

అయినా వెలుతురు ఎక్కువైతే తప్పేముంది, చీకటైతే కదా తప్పు, అనుకుంటూ నరసింగరావు స్టాండు మీది పెద్ద లైటును ఇంకో జానెడు వెనక్కి జరిపాడు, జరిపినా బల్ల మీద ఇత్తడి బిందె కడుపున ఆ తెల్లమచ్చ అలాగే ఉంది, కెమెరా అద్దంలో సున్నం పూసినట్టు, తలుపు దగ్గర ఎల్లాజీ నిలబడి ఉన్నాడు, బిందె చేసిన మనిషి, బూడితి నుంచి దాన్ని రెండోసారి నెత్తిన పెట్టుకొచ్చిన మనిషి, ఆయన చేతుల వంక చూడకూడదు, చింతపండూ ఇసుకా వేసి రెండు రోజులు తోమి వేళ్ల కొనలు చిట్లిపోయాయి, తోమించింది ఎవరు, తనే, సహకార సంఘం వాళ్ల పుస్తకానికి సామాన్ల ఫోటోలు తీస్తానని ఒప్పుకున్నది తనే, అంతవరకూ మనుషుల మొహాలు తప్ప తీసి ఎరగడు, విజయనగరంలో లైట్లమ్మే సూరయ్య చెప్పనే చెప్పాడు, మనిసైతే కదుల్తాడు గానీ బిందె కదల్దు కదా బాబూ, ఇంట్లో ఎలిగే బల్బులు రెండు సాలు, ముందు పల్సటి గుడ్డ కట్టు, కెమెరా ఎంతసేపైనా తెరిసి ఉంచుకో, ఈ పెద్దది నాలుగ్గంటల్లో మాడిపోతాది, నీకెందుకు, అని, కానీ పక్కన ఆ ఊరి పెద్ద స్టూడియో ఆయన నిలబడి వింటున్నాడు, ఆయన ముందు ఇంటి బల్బు అడగడానికి నోరు రాలేదు, పెద్దదే ఇవ్వమన్నాడు.

మొదటి ఫోటోలు కడిగిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి, అన్నిట్లోనూ మచ్చే, అప్పుడే ఎల్లాజీ వచ్చాడు, నీ మెరుగే సరిగా లేదు ఎల్లాజీ, చూడు, అని ఫోటో ఆయన చేతిలో పెట్టాడు, ముసలాయన బిందెను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాడు, నాకైతే ఏటీ కనపడ్నేదు బాబూ, మీరు సదువుకున్నోరు, మీ కంటికి కనపడినాది కావోలు, మళ్లీ తోమి తెస్తాను, అని తలవంచుకుని వెళ్లిపోయాడు, వెళ్తుంటే ఆపలేదు.

ఇప్పుడు టప్‌మని ఆ పెద్ద లైటు మాడిపోయింది, వంటింట్లోంచి నరసింగరావు భార్య దాలమ్మ వచ్చింది, ఏటి బావా ఇది, అంత ఎలుగు మొకాన కొడితే మనిసే కళ్లు మూసుకుంటాడు, బిందె ఏటి సేస్తాది, అంటూ నడవలో బల్బు ఊడదీసి చేతికిచ్చింది, అతను దాన్ని స్టాండుకు బిగించాడు, దండెం మీది అతని పంచె తెచ్చి ఆమె బల్బు ముందు అడ్డంగా పట్టుకుంది, అతను కెమెరా అద్దంలోకి వంగాడు, మచ్చ లేదు, బిందె కడుపు గుండ్రంగా, నిండుగా తేలింది, మెడ చుట్టూ సన్నగా చెక్కిన పూలతీగ ఆకు ఆకునా కనబడింది, కెమెరా తెరిచి పన్నెండు అంకెలు లెక్కపెట్టి మూశాడు, ఎల్లాజీ కూడా వంగి చూశాడు, చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు, పోయినాది బాబూ, సూసినారా, తోమితే పోయినాది, నాదే తప్పు, వయసైపోనాది, సెయ్యి ఒకలాగ పడతన్నేదు.

ఇక్కడ ఊరుకుంటే సరిపోతుంది, ఆయన సంతోషంగా వెళ్తాడు, సంఘం వాళ్లు మెచ్చుకుంటారు, దాలమ్మ పంచె మడతపెడుతూ తన వంకే చూస్తోంది, నాదే తప్పు అన్నాడు ముసలాయన, నలభై ఏళ్లు బిందెలు చేసిన చెయ్యిని తప్పుబట్టుకుని వెళ్లిపోతాడు, రేపు కొలిమి దగ్గర కూర్చున్నప్పుడు ఆ చెయ్యిని నమ్మడు, మచ్చ బిందెది కాదు ఎల్లాజీ, నా లైటుది, అనేశాడు, ఎల్లాజీ నవ్వు ఆగింది, చిట్లిన వేళ్లు ఒకసారి చూసుకున్నాడు, మరా రోజు మీకు తెలీదేటి బాబూ, అని మెల్లగా అడిగాడు, తెలీదు అంటే చాలు, కొత్తవాణ్ణి కదా, ఎవరైనా నమ్ముతారు, ఇన్నాళ్లూ తనూ అలాగే నమ్మాడు, కానీ ఆ రోజు ఫోటో చేతిలో పెడుతున్నప్పుడు తను ఎల్లాజీ కళ్లలోకి చూడలేకపోయాడు, అప్పుడే తెలుసు, తెలిసే అన్నాడు.

తెలుసు, అన్నాడు నరసింగరావు.