పదహారడుగుల రాయి

కొండెక్కేవాడెవడైనా తల పైకెత్తి, గుడి ఇంకెంత దూరముందో చూసుకుంటాడు. ఓబులేసు మాత్రం తల దించుకునే ఎక్కుతున్నాడు. పది మెట్లకొకసారి బూటు తాడు సరిచేసుకునే నెపంతో కూర్చుని, జేబులోంచి చిన్న సుత్తి తీసి రాతిని ఒక దెబ్బ కొడతాడు. ఖంగుమంటుంది. హమ్మయ్య అనుకుని లేస్తాడు. మరో పది మెట్లు ఎక్కేసరికి భయం మళ్ళీ మొదటికొస్తుంది.

"ఏం ఓబులేసూ, చైనా వాళ్ళ కొండను గూడా బేరం చేద్దామనా, అట్ల కొట్టి కొట్టి సూస్తాండావు?" అని వెనకనుంచి క్వారీ యజమాని మునిశేఖర్ ఎగతాళి చేశాడు.

ఓబులేసు నవ్వలేదు. ఆ పొద్దు ఆయనకు నవ్వు వచ్చే దారి లేదు.

అది నిజంగానే చైనా. తావో సాధువుల కొండ. ఒక పక్క నిలువునా రాతి గోడ, రెండో పక్క అడుగు కనపడని లోయ, లోయ నిండా మంచు. పిచ్చుక గూళ్ళ లాగా ఆ గోడకు కరుచుకుని వందల ఏళ్ళ నాటి గుళ్ళు. నల్ల పెంకుల కప్పులు, ఎర్ర తలుపులు, ఇత్తడి కుండీల్లో గుత్తులు గుత్తులుగా అగరొత్తులు. మంచులో ఎక్కడినుంచో గంట మోగినప్పుడల్లా ఓబులేసు ఉలిక్కిపడుతున్నాడు.

"వీళ్ళు బుద్ధుడి వాళ్ళు కాదు మామా, తావో మతం" అని సంగీత చెప్పుకుంటూ నడుస్తోంది. మునిశేఖర్ కూతురు ఆ పిల్ల. ఎగుమతి లెటర్లు రాసీ రాసీ చైనా భాష గడగడా నేర్చేసుకుంది. "ఆ సాముల జుట్టు ముడి సూడు. మన బోయకొండ గుడికి పోయినట్టు లేదూ?"

"వంతెన యాడుండాది పాపా?" అన్నాడు ఓబులేసు.

"ఇంకా పైన. యాల మామా, పొద్దున్నించీ అదే అడుగుతాండావు?"

ఎందుకని అడిగితే ఏం చెబుతాడు? చెప్పుకునే సంగతైతే రెండేళ్ళ కిందటే చెప్పేవాడు.

మదనపల్లిలో టమాటా కొనేవాడు కంటితో చూస్తాడు. కుప్పంలో రాయి కొనేవాడు చెవితో చూడాలి. కంటికి నున్నగా కనపడే రాయి లోపల వెంట్రుక మందాన నెర్రె ఉంటుంది. సుత్తితో కొడితే మంచి రాయి ఖంగుమంటుంది, నెర్రె ఉన్నది దబ్బుమంటుంది. అంతే విద్య. ఆ విద్యలో ముప్పై ఏళ్ళుగా ఓబులేసు చెవికి తిరుగులేదు. ఆయన 'ఊఁ' అంటేనే మునిశేఖర్ క్వారీలోంచి రాయి కదిలేది. ఆ చెవి గల మనిషిని చూడాలనే, రాళ్ళు కొనే చైనా వ్యాపారి ఆయన్ని కూడా పిలిపించాడు. మోకాళ్ళ నొప్పని ఆ వ్యాపారి మాత్రం కొండ కింద టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు.

రెండేళ్ళ కిందట ఈ కొండమీద పాత వంతెన కూలిందని, పదేసి అడుగుల రాతి దూలాలు మూడు కావాలని అడిగారు. రెండు దొరికాయి. మూడోదానికి పదహారడుగుల రాయి ఒకటి తీశారు. ఓబులేసు కొట్టి చూశాడు. ఒకచోట, జానెడు మేర, దబ్బుమంది. తలెత్తితే ఎదురుగా మునిశేఖర్ వాచీ చూసుకుంటున్నాడు. ఓడకు ఇంక మూడు రోజులే ఉంది.

"బాగుండాదా ఓబులేసూ?"

"బాగుండాది సార్" అన్నాడు. అనేశాడు! ముప్పై ఏళ్ళలో అదొక్కటే అబద్ధం.

యజమానికి అనుమానం రాలేదనలేం. పది అడుగులు దూలానికి కోయించి, మిగిలిన ఆరడుగుల ముక్కను చూపించి, "మీ ఇంటి కాడ వంకకు అడ్డం ఏసుకోపో" అన్నాడు. పుంగనూరు పక్క పల్లెలో ఓబులేసు ఇంటికీ పశువుల కొట్టానికీ నడుమ వాననీళ్ళు కోసిన లోతైన వంక ఉంది. భార్య బయ్యమ్మ రెండు పూటలా పాల క్యాన్లు మోసుకుని అందులోకి దిగి ఎక్కేది. బండ వేసినాక ఆమె సంబరం చెప్పనలవి కాదు. పైగా ఆ బండ మీద నిలబడితేనే ఫోనుకు సిగ్నల్ వచ్చేది, గట్టు మీద అడుగు పెడితే పోయేది. దబ్బుమన్న చోటు చైనాకు పోయిన ముక్కలో ఉంది కదా, ఇది మంచిదేలే అని ఓబులేసు మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఆ రోజు మళ్ళీ సుత్తి పట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

మలుపు తిరగ్గానే వంతెన కనపడింది.

కొండ రెండుగా చీలినచోట మూడు దూలాలు పక్కపక్కన పరిచారు. అవతల గుహలో గుడి. జనం పోతున్నారు, వస్తున్నారు. ఒకాయన బిడ్డను భుజాల మీద ఎక్కించుకుని మూడో దూలం మీదే నిలబడి ఫోటో తీయించుకుంటున్నాడు. ఓబులేసు సుత్తి తీశాడు. మోకాళ్ళ మీద కూలబడి మొదటి దూలాన్ని కొట్టాడు. ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది. మూడోదాని కొసన తాను ఉలితో పెట్టిన మూడు చుక్కలు కనపడ్డాయి. దాన్నీ కొట్టాడు.

దబ్బుమంది.

"దిగండి! దిగండప్పా! ఎవురూ రావద్దండి!" అని తెలుగులోనే అరుస్తూ, రెండు చేతులూ చాచి దారికి అడ్డంగా పడుకున్నాడు. బిడ్డ ఏడుపు లంకించుకుంది. తండ్రి హడలిపోయి ఇవతలికి దూకాడు.

మునిశేఖర్ పరుగున వచ్చి భుజం పట్టి గుంజాడు. "లేయ్! పరువు తీస్తాండావు!"

"సార్, ఇది ఆ రాయి."

మునిశేఖర్ మొహం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "నోరు మూసుకో. ఈ మాట బయటపడితే క్వారీకి తాళమే. యాభై సంసారాలు వీధిన పడతాయి. ఊరికి పోయినాక నిదానంగా చూసుకుందాం."

అప్పటికే జుట్టు ముడేసుకున్న ముసలి సాధువొకాయన గుడిలోంచి వచ్చి ఏమిటని అడుగుతున్నాడు. చేతిలో వేడినీళ్ళ కెటిల్ అలాగే ఉంది.

"ఎత్తు చూసి కళ్ళు తిరిగినాయని చెప్పమ్మా" అన్నాడు మునిశేఖర్ కూతురితో.

సంగీత ఓబులేసు వైపు చూసింది. ఆయన లేచి కూర్చున్నాడు. "పాపా, మూడో దూలంలో నెర్రె ఉండాదని చెప్పు. నాకు కుప్పంలోనే తెలుసునని గూడా చెప్పు."

"సంగీతా!" అన్నాడు తండ్రి.

ఆ పిల్ల తండ్రి వైపు తిరక్కుండా మొత్తం చెప్పేసింది.

సాధువు నమ్మలేదు. ఏడాదిన్నరగా వేలమంది నడిచారు, ఏమీ కాలేదే అన్నాడట. ఓబులేసు మాటలు దండగనుకుని, చెయ్యి చాచి కెటిల్ తీసుకున్నాడు. దూలం పొడుగునా నీళ్ళు పోసి, కూర్చున్నాడు. రాయంతా తడిసి నల్లబడింది. గాలికి కొంచెం కొంచెంగా ఆరుతోంది. మంచి రాయి మీద తడి నిమిషాల్లో ఆరిపోతుంది, నెర్రె తాగిన నీళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి.

రాయి తెల్లబడింది. ఒక్క గీత నల్లగా మిగిలింది. కుప్పంలో చెవికి జానెడే దొరికిన నెర్రె, ఇక్కడి చలికీ మంచుకీ నోరు తెరిచి అయిదడుగులు కనపడింది.

సాధువు వేళ్ళతో ఆ గీతను తడిమి చూశాడు. గబగబా తన నడుముకున్న గుడ్డ విప్పి దారికి అడ్డం కట్టాడు. అవతల చిక్కుకున్నవాళ్ళను మొదటి దూలం మీదుగా ఒక్కొక్కరినే నడిపించాడు. ఆఖరి మనిషి ఇవతలికి వచ్చాక ఓబులేసు వైపు తిరిగి చేతులు కట్టి వంగి దండం పెట్టాడు. మునిశేఖర్ మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం పోతే పోయింది, గుండె మీది బండ దిగింది అనుకున్నాడు ఓబులేసు.

అలా అనుకుంటూనే మళ్ళీ గీత వైపు చూశాడు. అది మధ్యలో మొదలై ఎక్కడా ఆగకుండా దూలం కొసదాకా పోయింది. కొసన రంపం పళ్ళ గుర్తులున్నాయి. కుప్పంలో కోసిన వైపు అది. రంపానికి అవతల ఇంకో ఆరడుగుల రాయి ఉండేది.

నెర్రె రంపం దగ్గర ఆగిందని ఎవడు చెప్పాడు?

"ఇదొక్కటేనా, ఇంకేమైనా ఉన్నాయా అని అడుగుతాండాడు మామా సామి" అంది సంగీత.

"పాపా, మన ఊళ్ళో ఇప్పుడు టైమెంత?"

"ఆడ ఇంకా పొద్దున ఆరున్నరే. యాల?"

పాలు పిండే వేళ. "నీ ఫోనియ్యి! బయ్యమ్మకు చెయ్యి, బిన్నా చెయ్యి!"

అందుబాటులో లేరంది ఫోను. మళ్ళీ చేసింది. అందుబాటులో లేరు. మూడోసారి మోగింది. మోగినందుకే ఓబులేసుకు పై ప్రాణాలు పైనే పోయాయి. మోగిందంటే ఆమె బండ మీద ఉన్నట్టు.

"ఎవురూ?"

"నేనే. యాడుండావు?"

"వంక కాడ. బండ మీదనే. ఏందయ్యా, గుడి సూసినావా? దేవుడు ఎట్లుండాడు?"

"బయ్యమ్మా, నా మాట ఇను. ఎగిరి అడుగెయ్యొద్దు. క్యాన్లు మెల్లిగా కింద పెట్టి, గట్టు మీదికి పో. ఏమీ అడగొద్దు."

"ఏమైందయ్యా, యాల గొంతు అట్లుండాది? ఇదో, పెడతాండా."

క్యాన్ బండకు తగిలిన చప్పుడు అంత దూరంనుంచీ స్పష్టంగా వినపడింది. చెవి ముప్పై ఏళ్ళది, తప్పు వినదు. దబ్బుమంది.

"పో బయ్యమ్మా! మెల్లిగా పో!"

ఒక అడుగు. ఇంకో అడుగు. ఆపైన ఫోను తెగిపోయింది.

గట్టెక్కితే సిగ్నల్ పోతుంది. బండ విరిగినా పోతుంది. సంగీత మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. అందుబాటులో లేరు. ఎప్పుడూ ఎవరికీ దండం పెట్టని ఓబులేసు ఆ తెలియని దేవుడి గుడి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.