నెలనెలా జ్వరం

"ఏమే కలైవాణీ, పిల్ల బయట చేరింది. పళ్ళికూడం టీచరమ్మకు జరమని రాసి పంపు," అని మంచం మీద నుంచే కేకేసింది మా అత్త పిల్లమ్మ. సోమవారం పొద్దున. నేను అప్పుడే సొసైటీకి పాలు పోసి వచ్చాను, క్యాను ఇంకా కడగలేదు. బుధవారం నుంచి మా శాలినికి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. మింగడంలో నాకు పదిహేడేళ్ళ అనుభవం ఉంది.

మాది ధర్మపురి దగ్గర వెల్లిచందై. చుట్టూ తమిళమే, మా ఇంట్లో మాత్రం తెలుగు. మా వంశం వాళ్ళందరూ మొక్కే దేవర పెట్టె మా ఇంట్లోనే ఉంటుంది, మా మామ ఉన్నప్పటి నుంచీ. ఆ పెట్టె ఉన్న కప్పు కింద బయట చేరిన ఆడది ఉండకూడదు. పశువుల కొట్టం వెనక ఒక గుడిసె ఉంది, అందులో ఐదు రోజులు. పళ్ళెం దూరంగా నేల మీద పెట్టి వెనక్కి జరిగితే, వచ్చి తీసుకుని తినాలి. నా బిడ్డకు అట్లా పళ్ళెం పెట్టి వెనక్కి జరిగేది నేనే. ఇంకెవరు జరుగుతారు? వంట నాది, పేడ నాది, పాలు పితకడం నాది, ఆ పాపమూ నాదే.

చీటీ రాయడం మాత్రం నాకు బాగా వచ్చు. నేనూ ధర్మపురిలో ఇప్పుడు శాలిని చదివే సిస్టర్ల బడిలోనే చదివాను. ఆడపిల్లకు చదువేంటని మా నాన్న మేకల వెంట పంపబోతే, సిస్టర్ బెనిట్టా మూడుసార్లు మా దొడ్డికి వచ్చి ఆయనతో వాదించి నన్ను హాస్టల్లో చేర్చుకుంది. నా వేళ్ళు పట్టుకుని గుండ్రంగా తమిళ అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు ఆమె హెడ్‌మిస్ట్రెస్. ఆమె నేర్పిన ఆ రాతతోనే పద్నాలుగు నెలలుగా ఆమెకు అబద్ధాలు రాసి పంపుతున్నాను. ‘నా కూతురికి జ్వరం. దయచేసి సెలవు ఇవ్వగలరు.’ ఒకసారి మా ఆయన తిరుమలేశ్ అది తీసుకుని చూసి, "ఆ సిస్టర్లు చెప్పిన చదువు దీనికైనా పనికొచ్చింది లే," అని నవ్వాడు. నేను కూడా నవ్వాను. తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ సోమవారం కూడా రాశాను. పక్కింటి పిల్ల చేతికిచ్చి పంపాను. హాల్‌టికెట్ ఇచ్చేది ఆ రోజే అని నాకు తెలుసు. తెలిసే రాశాను.

మంగళవారం పదకొండు గంటలకు గొడుగు వేసుకుని సిస్టర్ బెనిట్టా వచ్చింది. అరవై దాటిన మనిషి, బస్సు దిగి మా ఇంటి దాకా ఎండలో నడిచింది. నేను పేడ తట్టతో ఎదురుపడ్డాను. చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"పిల్లకు ఎట్లా ఉంది?" అంది, తన మలయాళం యాస తమిళంలో.

"జరం జాస్తి అయింది సిస్టర్. వాళ్ళ నాయన ఆస్పత్రికి పిలుచుకుని పోయినాడు," అన్నాను. అంత తడుముకోకుండా ఎట్లా వచ్చిందో ఆ మాట!

సరిగ్గా అప్పుడే ఆ ఆస్పత్రికి పోయిన నాయన, లుంగీ సర్దుకుంటూ ఇంట్లోంచి వచ్చి, "కాఫీ అడిగి ఎంతసేపాయె?" అన్నాడు. సిస్టర్‌ని చూసి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడిపోయాడు. కొట్టం వెనక నుంచి పైకి చదువుతున్న గొంతు ఆగింది. "సిస్టర్!" అని కేక. నా బిడ్డ గొంతు. జ్వరం లేదు, ఏమీ లేదు, గంటలాంటి గొంతు.

సిస్టర్ గొడుగు మూసి కొట్టం వెనక్కి నడిచింది. "అయ్యో, ముట్టొద్దని చెప్పే ఆమెకు!" అని మంచం మీద నుంచి మా అత్త తెలుగులో అరుస్తూనే ఉంది. సిస్టర్ ఆ గుడిసె ముందర మట్టిలో కూర్చుని, శాలిని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నిజంగానే జ్వరం ఉందేమోనని చూసింది. ఆ చెయ్యి చూసి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

తరువాత సంచీలోంచి ఒక కవరు తీసింది. అన్నీ నా చీటీలే.

"మొదట నమ్మినాను కలైవాణీ. నీ రాత కదా, ఎందుకు నమ్మను? లోపల ఏదో పెద్ద జబ్బు ఉందేమోనని భయపడినాను. మా డిస్పెన్సరీలో రెండుసార్లు రక్తం తీయించినాను. టానిక్ ఇచ్చినాను. చాపెల్‌లో దీని పేరు చెప్పి మేమందరం జపం చేసినాం. ఆ తరువాత ఒకరోజు తేదీలన్నీ వరసగా పెట్టి చూసినాను. నువ్వే వచ్చి చెప్తావని కాచుకున్నాను."

అంతే. ఒక్క మాట గట్టిగా అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! హాల్‌టికెట్ నా పేడ చేతిలోనే పెట్టి, "రేపు పది గంటలకు పరీక్ష. తొమ్మిదిన్నరకే గేటు దగ్గర ఉంటాను," అని లేచి చీరకు అంటిన మట్టి దులుపుకుని వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కావాలా అని కూడా నేను అడగలేదు. బస్టాపు దాకా తోడు పోవడానికి నాకు ముఖం లేదు.

ఆమె పోయాక గుడిసె దగ్గర నిలబడి శాలినిని అడిగాను. "రక్తం తీసేటప్పుడన్నా నిజం చెప్పేదానికి ఏమే నీకు?"

"చెప్తే నువ్వు అబద్ధం రాసినావని తెలిసిపోతాది కదామ్మా," అంది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

రెండుసార్లు. నా పరువు కోసం నా బిడ్డ రెండుసార్లు చెయ్యి చాపి సూది పొడిపించుకుంది. ఆ టానిక్ సీసా మా ఇంటి గూట్లో ఉండేది, నేనే చెంచాతో పోసి తాగించేదాన్ని. ఎందుకిచ్చారే అని అడిగితే బలానికంట అని చెప్పేది. నాకంతకు మించి తెలుసుకునే తీరిక లేకపోయింది, లేక తెలుసుకోవడం ఇష్టం లేకపోయింది. ఏదైతేనేం.

సాయంత్రం పాలు పితుకుతూ మా ఆయనతో అన్నాను, రేపు పిల్లను పంపుదామని. "అక్టోబర్లో మళ్ళా రాస్తుందిలే. పరీచ్చ మళ్ళా వస్తాది. దేవరకు కోపమొస్తే ఈ పసరాలు మళ్ళా వస్తాయా?" అన్నాడు. పైగా, "నువ్వు పది పాసై ఏం సాధిస్తివి? పేడే కదా ఎత్తేది," అన్నాడు. ఆ ఎత్తేది ఎవరి ఇంటి పేడో మాత్రం అనలేదు. మా అత్తనడిగితే, "మేమంతా ఆ గుడిసెలో ఉండలేదా? చచ్చిపోయినామా?" అని అటు తిరిగి పడుకుంది.

బుధవారం తెల్లవారగానే పాలు పితికాను. పెట్టె ముందర దీపం పెట్టాను. సంగటి కెలికి, పొయ్యి ఆర్పి, గుడిసె దగ్గరికి పోయాను. దూరంగా నిలబడలేదు. లోపలికి పోయి, శాలిని చెయ్యి పట్టుకుని లేపాను. తలంటి పోసి, జడలు వేసి, యూనిఫాం తొడిగి, ముందు వాకిట్లోంచే ఇంట్లోకి నడిపించుకుని వచ్చి వంటింట్లో కూర్చోబెట్టాను. వేడి సంగటి పళ్ళెంలో వేసి ముందర పెట్టాను.

"పెట్టె ఉండే ఇల్లు కదే! వంశమంతా నాశనం చేస్తివి కదే!" మా అత్త గోడ పట్టుకుని లేచి వచ్చింది. మా ఆయన నోట్లో బ్రష్షుతో పరుగెత్తుకుని వచ్చి, "దాన్ని బయటికి పంపు," అన్నాడు.

నేను వాళ్ళిద్దరికీ నా బిడ్డకూ మధ్య నిలబడ్డాను. నాకే ఆశ్చర్యం.

"అత్తా, నీ మోకాళ్ళు పోయి నువ్వు పొయ్యి దగ్గరికి రాలేనప్పటి నుంచి, ‘బయటున్నావా?’ అని ఈ ఇంట్లో ఎవరన్నా నన్నడిగినారా? అడిగితే వంట ఎవరు చేస్తారు? మీరు అడగలేదు, నేను చెప్పలేదు. రెండేండ్లాయె. నిన్ననే నాకు మొదలైంది. రాత్రి మీరు తిన్నది ఈ చేతులతోనే చేసినాను. పొద్దున దీపం ఈ చేతులతోనే పెట్టినాను. రెండేండ్లలో ఒక దూడన్నా చచ్చిందా?"

మా ఆయన బ్రష్షు నోట్లోంచి తీశాడు. మా అత్త గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. గెలిచాననే అనుకున్నాను, ఒక్క నిమిషం.

శాలిని తినడం మానేసింది. పళ్ళెంలోంచి చెయ్యి తీసి నా వైపు చూస్తోంది.

"రెండేండ్లుగా నువ్వు ఇంట్లోనే ఉంటివామ్మా?"

"ఉంటిని."

"మరి నన్నెందుకు బయట పెడితివి?"

అత్తకు చెప్పాను, మొగుడికి చెప్పాను. దీనికి మాత్రం, "తిను, బస్సుకు టైమాయె," అన్నాను. అది చెయ్యి కడుక్కుని, హాల్‌టికెట్ తీసుకుని, నాకంటే ముందు నడిచింది. బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా, ధర్మపురి దాకా నిలబడే వచ్చింది.