పైడమ్మకు పిలుపు

గౌరీశ్వరికి ఆ వారమంతా అన్నం సహించలేదు. ఇల్లుగలావిడ పైడమ్మ వచ్చే నెల నుంచి అద్దె మరో సగం పెంచుతానంది. కుదరకపోతే గది ఖాళీ చెయ్యమంది. ఖాళీ చేసి ఎక్కడికి పోవాలి? మొగుడు కామేశ్‌కు కిడ్నీలు పాడయ్యాక వజ్రపుకొత్తూరు వైపు చేపల వేట మానేసి, ఆస్పత్రి దగ్గరని కాశీబుగ్గ చేరారు. జీడిపప్పు ఒలిచే ఆమె కూలితోనే ఇల్లు గడుస్తోంది. మళ్లీ ఊరికి పోతే, నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడే మనిషి మాటిమాటికీ బస్సెక్కి ఆస్పత్రికి రాగలడా?

సరిగ్గా అప్పుడే మునిసిపాలిటీ వాళ్లు ఇళ్లవాళ్లకొక మంచిమాట చెప్పారు. అద్దె ఏడాదికొక్కసారే పెంచండి, పదికి రూపాయి మించొద్దు అని. మంచిమాటే గానీ చట్టం కాదు, వినకపోతే అడిగే నాథుడు లేడు. ఇళ్లవాళ్లను ఒప్పించడానికి సమావేశం పెట్టి, రమ్మని కరపత్రాలు పంచితే కుర్చీలు తప్ప ఎవరూ రాలేదు.

వార్డు కౌన్సిలర్ సుధారాణికి ఒళ్లు మండింది. మరుసటి వారం పట్టుచీర కట్టి, కుంకుమ భరిణె పట్టుకుని, పెళ్లికి పిలిచినట్టు గడపగడపకూ బయల్దేరింది. బొట్టు పెట్టి పిలిస్తే రానన్నవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు? మీటింగుకు బొట్టేమిటని మగవాళ్లు నవ్వుకునేలోపే వాళ్ల పెళ్లాలు వస్తామని మాటిచ్చేశారు. కుళాయి దగ్గర బిందె పెట్టుకుని చూస్తున్న గౌరీశ్వరి ముచ్చటపడిపోయింది. ఏం తెలివి తల్లీ ఈవిడది!

తోడొచ్చిన రత్నాలమ్మ పైడమ్మ వాకిలి దాటి పోబోయింది.

"ఇక్కడొద్దమ్మా. ఈవిడికి మొగుడు నేడు, పోయాడు."

గౌరీశ్వరి బిందె వదిలేసి ముందుకొచ్చింది. ఊరంతా ఒప్పుకున్నా, పిలవని పైడమ్మ ఎందుకు ఒప్పుకుంటుంది?

సుధారాణి ఆగింది. "ఈ ఇల్లు ఎవులిది?"

"ఆవిడిదే."

"మరి నాను పిలవాల్సింది ఇల్లుగలోల్లనే కదా!"

గుమ్మంలోకొచ్చిన పైడమ్మ కుంకుమ చూసి వెనక్కి జరిగింది. "నాకు బొట్టేటమ్మా? ఆయన పోయిన కాణ్ణించి నన్ను పేరంటానికి పిలిసినోల్లే నేరు."

"ఇది పేరంటం కాదు పిన్నీ. ఈ ఇంటికి యజమానివి నువ్వు. నువ్వు రాకపోతే ఎలాగ?"

అని ఆవిడ నుదుట నిండుగా బొట్టు పెట్టేసింది. రత్నాలమ్మ నోరు నొక్కుకుంది. పైడమ్మ కళ్లొత్తుకుంది.

ఈసారి హాలు నిండిపోయింది. అద్దెకున్నవాళ్లు బయట కిటికీల దగ్గర నిలబడ్డారు. నాలుగు వాటాల మేడ ఉన్న సన్యాసిరావు లేచాడు.

"ఇదేమైనా సట్టమేటి? ఇనకపోతే జైల్లో ఎడతారా?"

 ముందు వరసలోంచి పైడమ్మ లేచింది.

"సట్టమైతే కాయితం వొచ్చును బావా. తప్పించుకునే దారి నానూ ఎతుక్కుందును. ఈ పిల్ల నా గుమ్మంలోకొచ్చి, నన్నూ ఒక మనిసినని పిలిసింది. నాను పదికి రూపాయి మించి పెంచను. నువ్వు పెంచితే మీ వాకిట్లో కూకుంటాను, సూసుకో."

సన్యాసిరావు కూర్చున్నాడు. వెనక ఒకావిడ లేచి తానూ అంతేనంది, ఆమె వెనక ఇంకో ఆవిడ. కిటికీ ఊచలు పట్టుకుని గౌరీశ్వరి వెక్కి వెక్కి ఏడ్చింది. పైడమ్మ అటు తిరిగి చూసింది.

"ఏటే ఆ ఏడుపు? మీ ఆయన మందులేసుకునే ఏలయింది. ఇంటికెల్లు."