సరిచూసినవారు

“ఉల్లిగడ్డలు కొయ్యనీకి ఆడివిల్ల లేకుంటె ఎట్ల? అనసూర్యా, రా బిడ్డా!”

మా కంప్యూటర్ సెంటర్ యజమాని దామోదర్ సార్ సగం దించిన షట్టర్ కింద వంగి పిలిచారు. సిద్దిపేటలో సకల జనుల సమ్మె నడుస్తోంది. ఎదురు రోడ్డు మీద నిరసనగా వంటావార్పు. నేను లోపల సర్వర్ ముందు ఉన్నాను.

క్లాసులు లేవు కాబట్టి అప్‌డేట్లు ఎక్కించమన్నది ఆయనే. నూరు శాతం అని రాగానే, మాకు పాఠం చెప్పే మహేందర్ సార్ రిజిస్టర్‌లో ‘సరిచూసినవారు’ అన్న గడిలో సంతకం పెట్టేశారు. ఎప్పుడూ చూసేది నేను, సంతకం ఆయనది. “రీస్టార్ట్ చేసి, అన్నీ ఎక్కినయో లేదో లిస్టు చూడాలె సార్” అన్నాను నేల చూస్తూ. “నూరు కనవడ్తలేదా? నారాయణరావుపేట బడిల గివన్ని నేర్పిన్రా?” అని మా ఊరి పేరెత్తి నవ్వారు. అయినా రీస్టార్ట్ నొక్కాను. ‘ఆపవద్దు’ అని తెర మీద వచ్చింది. అప్పుడే ఉల్లిగడ్డల పిలుపు.

రోడ్డు మీద మైకులో ఎవరో మన బతుకు మన చేతుల్లో ఉండాలంటున్నారు. నా చేతుల్లో కత్తి ఉంది. తల ఎత్తితే షట్టర్ కింద నుంచి మహేందర్ సార్ కనిపించారు. తాళం వేసే తొందరలో సర్వర్ బటన్‌ను బొటనవేలితో అదిమి పట్టుకున్నారు. తెర నల్లబడింది. కత్తి వదిలి లేచేలోగా దామోదర్ సార్ ఇంకో బుట్ట నా ముందు కుమ్మరించారు.

మర్నాడు సర్వర్ లేవలేదు. నలభై మంది పరీక్ష మార్కులు అందులోనే పోయాయి.

దామోదర్ సార్ రిజిస్టర్ నా ముందు పెట్టారు. మహేందర్ సార్ సంతకం మీద వైట్‌నర్ ఇంకా తడిగా ఉంది. “గీడ నీ పేరు రాయి. చిన్నపిల్లవు, నిన్నెవరేమంటరు? సర్టిఫికెట్ ఇప్పిస్త.” మహేందర్ సార్ కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. సర్టిఫికెట్ లేకపోతే నాకు బీడీలు చుట్టే చాటే గతి అని అవ్వ ఎప్పుడో చెప్పింది.

నేను చేరిన మూడు నెలల్లో మొదటిసారి రిజిస్టర్ పెన్ను నా చేతికిచ్చారు. వైట్‌నర్ ఆరేదాకా ఊదాను. తర్వాత రాశాను.

దామోదర్ సార్ చదివారు. “రేపటి సంది రాకు” అన్నారు. ఆ మాట కూడా మెల్లగానే అన్నారు.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. అవ్వ చాట నా ఒళ్ళోకి తోసింది. “సంతకం వెడితె నీ చెయ్యి ఇరుగుతుండెనా?”

“పెట్టిన అవ్వా,” తునికాకు కత్తిరిస్తూ అన్నాను. “మహేందర్ సార్ మధ్యల ఆపిండు, నేను చూసిన అని రాసి, గా మాట కిందనే పెట్టిన.”